మా తాతకు నాటిన రాయి

మా తాత కొండప్ప తెనాలిలో పెళ్లి శుభలేఖలు అచ్చువేస్తూ ముసలివాడై, మా అందరి కళ్లముందే పోయాడు. కోవిల్‌పట్టి దగ్గర ఒక పల్లెలో మాత్రం ఆయన పడుచు వయసులోనే యుద్ధంలో చచ్చిపోయి దేవుడయ్యాడు. ఏటా అక్కడ ఆయనకు పూజ జరుగుతుంది. ఒకే మనిషికి రెండు చావులు ఎలా వచ్చాయో చూద్దామని మొన్న ఆషాఢంలో తమిళనాడు వెళ్లొచ్చాను. వచ్చినప్పటినుంచి ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ మొదటినుంచీ చెప్పలేక నోరు నొప్పి పుట్టి, ఇలా రాసి పెడుతున్నాను.

తాత గురించి ముందు కొంచెం చెప్పాలి. ఆయన తెనాలివాడు కాదని ఊరందరికీ తెలుసు. మాట్లాడేది తెలుగే అయినా యాస వినగానే అరవం అనేవాళ్లు. ఎదురుగా "ప్రెస్సు కొండప్పగారు", వెనకాల "అరవ కొండప్ప". పెద్ద యుద్ధంలో తెల్లవాళ్ల సైన్యంలో పనిచేశాడు. అలాగని తుపాకీ పట్టిన సైనికుడు కాదు. బర్మా సరిహద్దు అడవుల్లో, లారీ మీద బిగించిన యంత్రంతో సైన్యానికి పటాలు అచ్చువేసే దళంలో ఉండేవాడు. "తాతా, ఎంతమందిని కాల్చావు?" అని మేం అడిగితే, "వానకు కాయితం తడవకుండా సూసుకునేదే సరిపోయె, ఇంక కాల్చేదెప్పుడు?" అనేవాడు. మాకు చాలా నిరాశగా ఉండేది. యుద్ధం అయ్యాక తోటి సైనికుడొకాయన వెంట తెనాలి వచ్చి, ప్రెస్సులో పనికి కుదిరి, మా నాయనమ్మను చేసుకుని ఇక్కడే ఉండిపోయాడు.

ఆయనకు కొన్ని వింత అలవాట్లుండేవి. మంగలిషాపులో కూర్చుంటే ఎదుటి అద్దంలో తిరగబడి కనిపించే వీధి బోర్డులన్నీ గడగడా చదివేవాడు. ఇంట్లో సజ్జ సంకటి చేయడం ఎవరికీ చేతకాదని అలిగేవాడు. చుక్కల అమావాస్యనాడు, అంటే ఆషాఢమాసం ఆఖరు రోజున, ఇంట్లో మెతుకు ముట్టేవాడు కాదు. నాయనమ్మ పిండివంటలు చేసి పిలిస్తే, "ఈ పొద్దు నాకు వేరేచోట విస్తరి వేస్తారు" అని చొక్కా తొడుక్కుని ప్రెస్సుకు వెళ్లిపోయేవాడు. ఆ వేరేచోటు ఏదో, విస్తరి వేసే మనిషెవరో నాయనమ్మ తనకు తోచినట్టు ఊహించుకుని, ఆ వారమంతా గిన్నెలు చప్పుడు చేస్తూ తోమేది.

పోయేముందు తాత మా నాన్నను దగ్గరకు పిలిచి, తనకు ఆ పక్క ముందే పెళ్లయిందనీ, పసిపిల్లను వదిలి వచ్చాననీ చెప్పి, ఊరి పేరు కూడా చెప్పాడు. ఎందుకు తిరిగి వెళ్లలేదో చెప్పలేదు. నాన్న ఆ మాటను చాలాకాలం కడుపులో పెట్టుకుని, తానూ మంచాన పడ్డాక నాకు అప్పజెప్పాడు. "ఆ పిల్ల బతికుంటే వెళ్లి చెప్పమ్మా. మాకు నాన్న ఉన్నాడు. ఆ పిల్లకు లేడు. ఎలాంటివాడో అయినా చెప్పు" అన్నాడు. ఆ పిల్లకు ఇప్పుడు ఎనభై దాటాయి.

మావారు గుంటూరు మిర్చియార్డులో పనిచేసేటప్పుడు, విరుదునగరం నుంచి సరుకు కొనడానికి శ్రీనివాసన్ అనే ఆయన వచ్చేవాడు. ఇంట్లో తెలుగు మాట్లాడే మనిషి. ఆయనకు ఊరిపేరు చెప్పి కనుక్కోమన్నాను. కొన్నాళ్లకు ఫోన్ చేశాడు.

"అక్కా, ఇల్లు ఉండాది. ఆ బిడ్డ గూడా ఉండాది, ముసిలామె అయిపోయె. ఒకటే సంగతి. కొండప్ప తాత యుద్దంలో సచ్చిపోయినాడని వాల్లు రాయి నాటి కుంబిడుతా, దండం పెడతా ఉండారు. ఆడి అమావాస్సెకు సుట్టాలంతా సేరుతారు. అప్పుడు వస్తిరంటే అందర్నీ సూడొచ్చు. ఆనా..."

"కానీ" అనే ఆ "ఆనా" తర్వాత ఏమీ అనలేదు. అనక్కర్లేదు కూడా. నా సంచిలో తాత ఫోటో ఒకటి పెట్టుకున్నాను. అరవై ఏళ్ల మనిషి, బట్టతల, ముక్కు కొసన కళ్లద్దాలు, ట్రెడిల్ అచ్చుమిషను మీద ఒక చెయ్యి. అది బయటికి తీస్తే అక్కడ వాళ్ల దేవుడు పోతాడు. తీయకపోతే నాన్న మాట పోతుంది. మోకాళ్ల నొప్పులని మావారు రానన్నారు కాబట్టి, ఈ తగువు తీర్చేవాళ్లు కూడా పక్కన లేకుండా ఒక్కదాన్నే బయల్దేరాను.

విరుదునగరం

రైలు దిగగానే మిరపకాయల ఘాటు తగిలింది. గుంటూరు మనుషులకు అది పరాయి ఊరి వాసన కాదు. పక్కనే తుమ్ముతున్న ఒక ఉత్తరాది కుటుంబాన్ని చూసి నేను లోలోపల కాస్త గర్వపడ్డాను. బజారంతా పప్పులు, మిరపకాయలు, నూనె. గోడలకు కూడా జిడ్డు.

శ్రీనివాసన్ నన్ను ఇంటికి తీసుకెళ్లేలోగా ఒక కొట్టు ముందు ఆపాడు. ఇక్కడ పరోటాను పెనం మీద కాల్చరు. వెడల్పాటి మూకుడులో నూనె పోసి, అందులో మునిగేట్టు వేయిస్తారు. చేత్తో నలిపితే కరకరమంటుంది. దాన్ని ముక్కలు చేసి పల్చటి మాంసం పులుసు పోసి ఇస్తారు. మన ఊళ్లో టిఫిను ధరకే కడుపు నిండిపోయింది. నేను నూనె పిండుదామని కాగితం అడిగితే పరోటా వేసే మనిషి నన్ను జాలిగా చూశాడు.

"నూనె లేకుంటే అది పరోటా ఎట్లవుతుందక్కా, అప్పలం అవుతుంది" అన్నాడు శ్రీనివాసన్. అప్పలమంటే మన అప్పడమే.

ఆ సాయంత్రం ఒక పెద్దాయన ఇంటికి తీసుకెళ్లాడు. ఆయన ఒకప్పుడు అగ్గిపెట్టెల మీద అతికించే బొమ్మలు అచ్చువేసే ప్రెస్సు నడిపినవాడు. మా తాత సైన్యంలోకి పోకముందు కోవిల్‌పట్టిలో చేసిన పని అదే. స్నానాలగది ముందు పరిచిన ఒక నున్నటి రాతిపలక మీద చెప్పులతో ఎక్కి నిలబడి, మెడలో చుట్టుకున్న కొంగు సర్దుకుంటూ మాటలు మొదలుపెట్టాను. కాసేపయ్యాక ఆయన నవ్వుతూ నా కాళ్లకేసి చూపించి తమిళంలో ఏదో అన్నాడు.

"మీరు నిలబడుకోనుండేదే అచ్చు రాయి అంటాడక్కా" అని శ్రీనివాసన్ తెలుగులో చెప్పాడు. నేను గబుక్కున దిగాను.

ఆ రాళ్లు ఓడల్లో జర్మనీ నుంచి వచ్చేవట. వాటి మీద జిడ్డు సిరాతో బొమ్మను తిరగేసి గీసి, తడిపి, రంగు రుద్ది, కాగితం ఒత్తి తీసేవాళ్లు. ఆ బొమ్మ పని అయిపోతే ఇసుకతో రుద్ది చెరిపి, అదే రాతి మీద ఇంకోటి గీసేవాళ్లు. నెమళ్లు, పులులు, లక్ష్మీదేవులు, అన్నీ దాని మీదే పుట్టి దాని మీదే పోయేవి. కొత్త యంత్రాలొచ్చాక రాళ్లను ఎవరూ కొనలేదు. బట్టలుతికే బండలయ్యాయి, గడపలయ్యాయి. తాత మంగలిషాపులో తిరగబడ్డ బోర్డులు ఎందుకంత సులువుగా చదివేవాడో నాకు అప్పుడు తెలిసింది.

తిరిగి వస్తూ శ్రీనివాసన్ మనసులో మాట బయటపెట్టాడు. "అక్కా, తప్పుగా అనుకోవద్దు. ఆ ముసిలామె మా నాయిన యుద్దంలో సచ్చినాడని తలెత్తుకోని బతికింది. ఇప్పో మీరు పోయి, ఆయన ఇంకో ఇల్లు కట్టుకోని సుకంగా ఉన్న్యాడని సెప్తే ఏం లాబం?"

లాభం ఏమీ లేదు. నేను కూడా అదే అనుకుంటున్నానని ఆయనతో చెప్పలేదు.

సాత్తూరు దాటుతూ

మర్నాడు బస్సులో వెళ్లాం. రోడ్డుకు రెండు వైపులా నల్లరేగడి, సర్కారు తుమ్మ. ఆషాఢంలో మనకు వానలు మొదలవుతాయి. ఇక్కడ గాలి మొదలవుతుంది. కిటికీ తీస్తే నోట్లో మట్టి, మూస్తే ఉడుకు. సాత్తూరులో బస్సు ఆగితే కారపుసేవు కొన్నాను. మన జంతికలకన్నా మెత్తగా, మిరియం వెల్లుల్లి ఘాటుతో ఉంది. గాలికి పొట్లం చేతిలోంచి ఎగిరి సగం ముందు సీటు పెద్దమనిషి జుట్టులో పడింది. ఆయన తల దులుపుకుని, మిగిలింది ఏరుకుని తిన్నాడు.

నా పక్కన కూర్చున్న ఆవిడ పేరు మేరి. అగ్గిపెట్టెల కంపెనీలో పని. శ్రీనివాసన్‌తో నేను మాట్లాడటం విని నవ్వాపుకోలేక అడిగింది.

"ఏం యమ్మా, మీరు సినిమాలో మాట్లాడే మాదిరి మాట్లాడుతుండారే. ఇంట్లో గూడా ఇట్లే మాట్లాడతారా?"

"ఇట్లాగే మాట్లాడతాం. మీరూ తెలుగేగా."

"మాది ఇంట్లో మాట్లాడే తెలుగు. సదివేది రాసేది అంతా తమిళమే. మా బిడ్డలు ఇంట్లోనే తెలుగు, వాకిలి దాటితే తమిళం" అంది. చర్చిలో కూడా తమిళమేనట. "దేవుడికి తెలుగు వస్తాదో రాదో ఎవరికి తెలుసు, ఎందుకు వంపు" అని తనే నవ్వింది. వంపు అంటే ఇక్కడ గొడవ. ఆవిడ వేళ్ల కొసలు పెట్టెలు సర్ది సర్ది నున్నగా అయిపోయి, బ్యాంకులో వేలిముద్ర పడక సతాయిస్తోందట. ఇప్పుడు బొమ్మలు విడిగా అతికించే పని లేదు, పెట్టెలే అచ్చుపడి వస్తున్నాయి. మా తాత బొమ్మల పని చేసేవాడని చెబితే, "అయితే మన ఆలే" అంది. మన మనిషే అని అర్థం.

కోవిల్‌పట్టి

కోవిల్‌పట్టిలో దిగి పల్లీపట్టీలు కొన్నాను. ఇక్కడి పల్లీపట్టీ మీద రంగు వేసిన కొబ్బరితురుము చల్లుతారు. పాకం పళ్లకు అంటుకోకుండా విరుగుతుంది. మన తెనాలివాళ్లు జిలేబీ గురించి ఎంత చెప్పుకుంటారో, వీళ్లు దీని గురించి అంత చెప్పుకుంటారు. ఫోనులో నేర్చుకున్న తమిళంలో నేను కష్టపడి బేరమాడుతుంటే, కొట్టాయన నాకు తమిళంలోనే ఓపిగ్గా జవాబు చెప్పి, లోపలికి తిరిగి భార్యతో, "ఏమే, ఈ యమ్మ ఎండలో వచ్చుండాది, మంచినీల్లు తెచ్చియ్యి" అన్నాడు. పదినిమిషాల నా తమిళం బూడిదలో పోసిన పన్నీరైంది.

తాత పనిచేసిన ప్రెస్సు ఉన్న వీధి చూపించాడు శ్రీనివాసన్. అక్కడ ఇప్పుడు సెల్‌ఫోన్ల కొట్టు ఉంది. చూడటానికి ఏమీ లేదు. అయినా ఎదురుగా ఉన్న టీకొట్లో కూర్చుని ఒక టీ తాగేదాకా దాన్నే చూశాను. పాతికేళ్లయినా నిండని మనిషి, పొద్దున్నే ఇక్కడికొచ్చి తిరగబడ్డ నెమళ్లు గీసుకునేవాడు. ఆయన్ని నేను చూసిందెప్పుడూ ముసలివాడిగానే.

గురువమ్మ ఇల్లు

ఊరిపేరు రాయడం లేదు, వాళ్లు వద్దన్నారు. అక్కణ్ణుంచి కళుగుమలై కొండ కనిపిస్తుంది. పెంకుటిల్లు, ముందు రేకుల పంచ. పంచలో నులకమంచం మీద తెల్లటి జుట్టుతో, చెవులు సాగిన ఒక సన్నటి ముసలామె కూర్చుని ఉంది. ఆమే గురువమ్మ. మా నాన్నకు అక్క. అంటే నాకు మేనత్త. ఆమెకు మాత్రం నేనెవరో తెలియదు.

"గుంటూరు పక్క మన వాల్లు. పాతకాలంలో మీనుంచి పిరిసి, విడిపోయిన వంశం. కుంబిడను వచ్చిండారు" అని శ్రీనివాసన్ పరిచయం చేశాడు. అబద్ధం కాకుండా భలే సర్దాడు.

"రా తల్లీ. కాల్లు కడుక్కో. మొదలు నీల్లు తాగు" అంది గురువమ్మ. ఆమె కొడుకు రామసామి రిటైరైన బస్సు కండక్టరు, ఎక్కువ మాట్లాడడు. కోడలు ముత్తులక్ష్మి సజ్జ సంకటి, చింతపండు పులుసు పెట్టింది. సంకటి నోట్లో పెట్టుకోగానే తాత ఎందుకు అలిగేవాడో అర్థమైంది. మా ఇంట్లో చేసింది ఇది కానే కాదు.

తిన్నాక గురువమ్మ వాళ్ల నాన్న కథ చెప్పింది. పటాలంలో ఆయన ఒక వంతెన దగ్గర ఒక్కడే నిలబడి నూరుమందిని కాల్చాడట. శత్రువులు ఆయన ఛాతీ కొలతకు భయపడేవాళ్లట. వానకు కాగితం తడవకుండా గొడుగు పట్టిన మా తాతను తలుచుకుని, నవ్వు రాకుండా నాలుక కరుచుకున్నాను. కొంచెంసేపటికి నవ్వు దానంతటదే పోయింది.

"వాల్ల లారీ ఏట్లో పడిపోయెనని, ఒక్కరూ మిగల్లేదని పక్కూరోడు ఒకడు వచ్చి సెప్పె. ఒల్లు రాలేదు. ఒల్లు లేకుంటే దేన్ని పూడ్చేది? మా తాత కోయిల్‌పట్టి అచ్చాపీసుకు పోయి, నా కొడుకు సెయ్యి పట్టిన వస్తువు ఏదన్నా ఇయ్యండయ్యా అని అడిగె. ఆడ ముదలాలి, అచ్చాపీసు ఓనరు, మంచోడు. మా నాయిన పనిచేసే రాయినే బండిలో ఏయించి పంపె. దాన్నే మా సేన్లో నాటిరి."

ఈ పక్క యుద్ధంలో పోయినవాడికి రాయి నాటడం పాత ఆచారమేనట. అచ్చురాయిని నాటినవాళ్లు మాత్రం వీళ్లొక్కరే అయి ఉంటారు.

"మరి మీ అమ్మ?" అని అడిగాను.

"ఏడాది తిరిగినాక పెద్దలు సెప్పి మా సిన్నాయనకే కట్టిరి. నన్ను ఎత్తి పెంచింది ఆయనే. బంగారం. ఒక్క మాట అనలేదు నన్ను. వాల్లకు పుట్టిన మగబిడ్డలు తూత్తుకుడిలో ఉండారు, వాల్ల నాయినకు వాల్లు పెట్టుకుంటారు. ఈయనకు కొడుకు లేడు కదా. నేనే ఆకు వేస్తాను, పదేండ్ల పిల్లనుంచి."

తాత ఎందుకు తిరిగి రాలేదో నాకు ఆ మాటతో తెలిసిపోయింది. వచ్చి ఉంటే ఆ ఇంట్లో ఎవరికి ఏమయ్యేవాడు?

గురువమ్మ కాసేపు కాళ్లు రుద్దుకుని, నా వైపు వంగింది. "నువ్వు నాలుగూర్లు సూసిన బిడ్డవు. ఒకటి అడుగుతా సెప్పు. కాశికి పోయొచ్చిన అయ్యరు ఒకాయన మునుపు అనె, ఆడబిడ్డ పెట్టింది సచ్చినోల్లకు ముట్టదు అని. మీ పక్క ఎట్టా? ముడుతుందా?"

"నాకు తెలియదమ్మా" అన్నాను.

"ఎవరికీ తెలీదు" అంది. "కాకి వచ్చిన ఏడు ముట్టిందనుకుంటా. రాని ఏడు తిండి దిగదు. ఇప్పో మోకాల్లు పోయె. వచ్చే ఏడు సేనికి నడవగలనో లేదో. ఇన్నేండ్లు పెట్టిందంతా కాకులకు పోయిందో, ఆయనకు పోయిందో."

ఇదా ఈమె బెంగ. ఆమె నాన్న చచ్చిపోయినందుకు ఏడ్చే వయసు ఎప్పుడో దాటిపోయింది. తాను వేసిన విస్తరి ఆయనకు అందిందా లేదా అన్నదే మిగిలింది. అలాంటి మనిషికి నేను ఫోటో చూపిస్తే, అందలేదని చెప్పినట్టే. ఆయన అప్పటికి చచ్చిపోనే లేదాయె. పొద్దుగూకేలోపే నిర్ణయించుకున్నాను, ఫోటో తీయకూడదని. నాన్నకు మనసులోనే క్షమాపణ చెప్పుకున్నాను.

ఆడి అమావాస్య

పొద్దున్నే అందరం చేనికి వెళ్లాం. గురువమ్మను రామసామి స్కూటరు మీద ఎక్కించుకొచ్చాడు. చుట్టాలు పాతికమంది దాకా చేరారు. నల్లటి చేలో, నాలుగు కర్రల మీద రేకు వేసిన నీడలో రాయి నిలబెట్టి ఉంది. ఆముదం రాసి రాసి నల్లబడినా, ముత్తులక్ష్మి కడిగి తుడిచాక అంచుల్లో పసుపు కలిసిన బూడిదరంగు బయటపడింది. ఇక్కడి రాయి కాదది. విరుదునగరంలో నేను చెప్పులతో ఎక్కిన రాయి లాంటిదే. ఈ రాతికీ, అక్కడ తొక్కిన ఆ రాతికీ కలిపి దణ్ణం పెట్టుకున్నాను.

పసుపు రాశారు, కుంకుమ పెట్టారు, మెడ అనుకున్నచోట కొత్త తువ్వాలు చుట్టారు. రాయి ముందు పెద్ద అరటాకు వేసి గురువమ్మ తన చేత్తోనే వడ్డించింది. అన్నం, పప్పు, అరటికాయ కూర, పొట్లకాయ కూర, వడలు, పాయసం. ఆకు పక్కన ఒక చుట్ట, ఒక అగ్గిపెట్టె. గాలికి ఆకు ఎగరకుండా అంచుల మీద మట్టిబెడ్డలు పెట్టారు. తర్వాత ఒక ముద్ద తీసి రేకు మీద పెట్టి, కాకి కోసం చూస్తూ నిలబడ్డాం. కాకి ముట్టేదాకా ఎవరూ తినరు. మనకూ తద్దినాల్లో ఇదే కదా, అందుకని నాకు కొత్తగా అనిపించలేదు. కొత్తేమిటంటే, ఇక్కడి గాలికి కాకులు ఎగరలేకపోతున్నాయి. దూరాన తుమ్మచెట్టు మీద ఒకటి కూర్చుని మా వైపు చూసింది, కానీ కదల్లేదు.

ఎండ ఎక్కింది. చుట్టాలు గుసగుసలు మొదలుపెట్టారు. రామసామి కావు కావుమని రెండుమూడు సార్లు పిలిచాడు. గురువమ్మ ముందు బతిమాలింది, తర్వాత ఓపిక పోయి రాతిని కసిరింది. ఆలస్యంగా ఇంటికొచ్చిన మనిషిని కసిరినట్టే కసిరింది.

"ఎందాక నిలబెడతావు నాయినా? నీ కోసరం పొద్దున్నుంచి పొయ్యి కాడ ఉండాను. ఏం, వేరే ఇంట్లో తినేసి వస్తివా?"

తెనాలిలో మా వంటింటి గుమ్మం దగ్గర నాయనమ్మ సరిగ్గా ఇలాగే కసిరేది. తాత చొక్కా గుండీలు పెట్టుకుంటూ చెప్పే జవాబు నా చెవుల్లో వినపడింది. ఆషాఢ అమావాస్య. మనం చుక్కల అమావాస్య అంటాం, వీళ్లు ఆడి అమావాస్య అంటారు. రెండూ ఒకే రోజు. ఇన్నాళ్లూ నా బుర్రకు ఇది ఎందుకు తట్టలేదో నాకే తెలియదు.

సంచిలోంచి ఫోటో తీసి గురువమ్మ పక్కన నేలమీద కూర్చున్నాను. శ్రీనివాసన్ "అక్కా" అన్నాడు గానీ నేను ఆగలేదు.

"అత్తా" అన్నాను. "ఈ ఫోటో చూడు."

ఆమె ఫోటోను కంటికి దగ్గరగా పెట్టుకుంది. "ఎవురు ఇది? బట్టతలాయన."

"మీ నాన్న. యుద్ధంలో పోలేదు అత్తా. మా ఊరొచ్చి మా నాయనమ్మను చేసుకున్నాడు. నేను ఆయన మనవరాల్ని. మా నాన్న నీకు తమ్ముడు. మీ నాన్న డెబ్బై దాటాక, మా ఇంట్లో పోయాడు."

రామసామి ముఖం మాడిపోయింది. ఎవరో తమిళంలో ఏదో గట్టిగా అన్నారు. గురువమ్మ ఎవరినీ పట్టించుకోలేదు. ఫోటోలో తాత ముఖం మీద వేలు పెట్టింది.

"అయితే నేను ఉసురుతో ఉండే మనిసికి సచ్చినోల్ల కూడు పెట్టినానా?" అంది. "ఏటేటా? ఎంత పాపమే తల్లీ."

"నేను చెప్పేది పూర్తిగా విను అత్తా. ఏడాది పొడుగునా మా ఇంట్లో తినేవాడు. ఈ ఒక్కరోజు తినేవాడు కాదు. మా నాయనమ్మ ఎంత పిలిచినా తినేవాడు కాదు. 'ఈ పొద్దు నాకు వేరేచోట విస్తరి వేస్తారు' అని వెళ్లిపోయేవాడు. ప్రతి సంవత్సరం. నేను పుట్టకముందునుంచీ."

ఆమె నా ముఖంలోకి చూసింది. "ఈ దినమా?"

"ఈ రోజే."

"ఆ మాటే అంటాడా? విస్తరి వేస్తారు అని?"

"ఆ మాటే. మా నాయనమ్మ ఎవరో ఆడమనిషి అనుకుని ఏడ్చేది."

గురువమ్మ రాతివైపు తిరిగింది. "అయితే వచ్చినాడు" అంది మెల్లగా. "వచ్చి ఈ రాయి సూసినాడు. సూడకుంటే యాడ తెలుస్తాది, ఈ దినం ఆకు వేస్తామని? ఇంట్లో మా అమ్మ, సిన్నాయన ఉండిరి. ఎట్ల వచ్చేది లోపలికి?" కొంగుతో ముక్కు తుడుచుకుంది. "రాకుండా పోయెను సరే. నా కూడు మాత్రం వద్దనలేదు."

ఏడుపు వస్తుందని అనుకోలేదు, కానీ వచ్చింది. నాయనమ్మ ఇది వినడానికి లేదే అని వచ్చింది. ఆవిడ అనుమానపడిన ఆ ఆడమనిషి, ఒక పదేళ్ల పిల్ల.

ముత్తులక్ష్మి వచ్చి, "అత్తా, కాకి ఇంకా రాలేదు, ఏం సేసేది?" అని అడిగింది.

"కాకి ఎందుకు ఇంక?" అంది గురువమ్మ. "ఆయన తినేసి శానా దినాలాయె. అందరికీ ఆకులు వెయ్యి."

చుట్టాలు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. మొదట రామసామి తువ్వాలు దులిపి కూర్చున్నాడు, తర్వాత మిగతావాళ్లూ కూర్చున్నారు. నేను వాళ్ల వరసలోకి వెళ్లబోతే గురువమ్మ నా చెయ్యి పట్టుకుని లాగింది. రాయి ముందు వేసిన ఆకు దగ్గర కూర్చోబెట్టింది.

"అది దేవుడికి పెట్టిన ఆకు కదత్తా" అన్నాను.

"నువ్వు ఆ ఇంటినుంచే కదా వచ్చినావు. ఆయన ఆడ తినకుండా లేచిపోయిన కూడు ఇది. కూర్చోని తిను."

అంచుల మీది మట్టిబెడ్డలు తీసేసి, అగ్గిపెట్టె పక్కకు జరిపి తిన్నాను. అన్నం చల్లారిపోయింది, అక్కడక్కడా నల్లమట్టి కరకరలాడింది. వడలో ఉప్పు కొంచెం ఎక్కువైంది. ఆమె పక్కనే కూర్చుని, ఆకులో ఏమీ మిగలకుండా చూసుకుంది.